గార్డు మావయ్య అడిగిన అమెరికా

మా గార్డు మావయ్య పోయాడు. పన్నెండు రోజులయింది. ఆ గురువారం పొద్దున్న నేను పరవాడ దగ్గర మందుల కంపెనీలో మాత్రలు చేసే మిషను విప్పుకుని కూర్చున్నాను. మోచేతుల దాకా గ్రీజు. అత్త ఫోన్ చేసింది. "అల్లుడూ, మీ మావయ్య ఇంక లేడు. తానం సేసొచ్చి మంచం మీద కూకున్నాడు. కాఫీ తెచ్చేసరికి అయిపోనాది. బేగి రా. బేగి రమ్మన్నానని బండి జోరుగా తోలకు," అంది. ఆ ఆఖరి మాట నిజానికి ఆయనది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ నోటికి పట్టేసింది.

అనకాపల్లి చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. బుర్రలో ఒకటే మాట గిరగిరా తిరిగింది. ఇంక చెప్పడానికి లేదు, ఇంక చెప్పడానికి లేదు. ఇంటి ముందు చెప్పుల గుంపు చూశాక, లోపల ఆయన్ని చాప మీద పడుకోబెట్టడం చూశాక కూడా అదే మాట. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని నేను ఏడుస్తుంటే, మేనల్లుడికి ఎంత ప్రేమో అని ఎవరో అన్నారు. ప్రేమ ఉంది, లేకపోలేదు. ఆ ఏడుపులో మాత్రం సగం భయం.

ఆ భయమేమిటో ముందే చెప్పేస్తాను. దాచుకుని ఆఖర్న చెప్పే ఓపిక నాకు లేదు. నేను ఆయనకి ఒక అబద్ధం చెప్పాను. అమెరికాలో రైలెక్కి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లానని, కొండలూ సొరంగాలూ ఎడారీ కళ్లారా చూశానని చెప్పాను. సగం దారిలో దిగిపోయాను. ఆ సంగతి చెప్పేద్దామని ఆరేళ్లుగా ప్రతి ఆదివారం వాళ్లింటికి వెళ్లడం, అత్త చేసిన ఉప్మా తినడం, చెప్పకుండా తిరిగి రావడం. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుని ఇప్పటికి మూడుసార్లు లేచాను. "కాలుగాలిన పిల్లిలాగ ఆ తిరుగుడేటిరా" అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

మావయ్య మా అమ్మకి అన్న. గూడ్సు బండి గార్డు. ఆయన రిటైరయ్యాక ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజరని పేరు మార్చారు. "పేరు మేనేజరంట, కూకునేది మాత్రం అదే రేకు డబ్బా," అని నవ్వేవాడు. గూడ్సు బండి చివర తగిలించే ఆ డబ్బాని బ్రేకు వ్యాను అంటారు. ఆయన రోజుల్లో అందులో ఫ్యాను లేదు, లైటు లేదు, కుదుపుకి నడుం పట్టేసే ఒక చెక్క సీటు, పక్కన జెండాలూ లాంతరూ కాగితాలూ పెట్టుకునే నల్ల ఇనప్పెట్టె. ఎండాకాలం ఆ రేకుల మధ్య అప్పడం వేయించుకోవచ్చు. మొదట్లో పదేళ్లు కిరండోల్ లైన్లో ఇనప రాయి మోసే బండ్ల మీద పనిచేశాడు. అనంతగిరి కొండల్లో సొరంగం తరవాత సొరంగం. తరవాత ఇటు దువ్వాడ, తుని, రాజమండ్రి.

నేను పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఆయన బండి ఒక్కోసారి అనకాపల్లిలో పక్క లైన్లో, లూపు అంటారు దాన్ని, ఆగిపోయేది. కబురు రాగానే అమ్మ క్యారియరు కట్టేది, నేను సైకిలేసుకుని పోయేవాణ్ణి. ప్లాట్‌ఫారం చివరి దాకా వెళ్లి, రాళ్ల మీద నడిచి, ఆ రేకు డబ్బా ఎక్కాలి. ఆయన అన్నం కలుపుకుంటుంటే నేను కిందకీ పైకీ దిగుతూ ఎక్కుతూ ఉండేవాణ్ణి.

"ఎప్పుడు కదుల్తాది మావయ్యా?"

"ముందు ఎక్స్‌ప్రెస్సు ఎల్లాలి. తరవాత పాసింజరు. ఆ ఎనకాతల ఇంకో ఎక్స్‌ప్రెస్సు. అందరూ ఎల్లేక మనం."

"నీకు ఇసుగెయ్యదా?"

"ఎందుకెయ్యదు? మొదట్లో ఏడుపొచ్చేది. తరవాత సూడ్డం నేర్సుకున్నాను. ఒరే, డ్రైవరు వచ్చేది సూత్తాడు, గార్డు ఎల్లిపోయేది సూత్తాడు. ఎల్లిపోయేదాన్ని కూడా ఎవులో ఒకలు సూడాలి గదేటి."

నిజంగానే చూసేవాడు. నర్సింగబిల్లి దగ్గర ఎవరి చెరుకు కొట్టేశారో, ఎవరిది ఇంకా నిలబడి ఉందో, రేగుపాలెం గేటు దగ్గర కొత్తగా ఎవరు ఇల్లు కట్టుకుంటున్నారో ఆయనకి తెలుసు. ఆ మనుషులకి మాత్రం ఈయనెవరో తెలీదు. బస్సెక్కినా వెనక సీటే. పెళ్లికెళ్లి తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అందరూ ఎక్కారో లేదో లెక్కపెట్టి ఆఖర్న తను ఎక్కేవాడు. రైలు కదలగానే చుట్టాలు చేతులూపి వెనక్కి తిరిగిపోతే ఆయనకి కోపం. "ఆకరి పెట్టి దాటేక గదా బండి ఎల్లినట్టు. అంత తొందరేటి మీకు?" అనేవాడు. నావైపు చూసే అనేవాడు.

ఇంట్లో ఇంకో పద్ధతి పెట్టాడు. మాలో ఎవరు ఏ ఊరికి రైల్లో వెళ్లినా ఆయనకి బండి నంబరు చెప్పాలి. చేరాక ఫోన్ చెయ్యక్కర్లేదు. ఒకప్పుడు టైంటేబుల్ పుస్తకం, ఆ తరవాత సెల్‌ఫోను ముందు పెట్టుకుని, మన బండి ఎక్కడుందో చూస్తూ కూర్చునేవాడు. అమ్మ ఓసారి తిరపతి వెళ్తూ రేణిగుంటలో దిగీ దిగగానే ఫోన్ మోగింది. "నలభై నిమిసాలు లేటు. బిట్రగుంటలో ఆపేసినట్టున్నాడు. టీ తాగేవా?" అని అడిగాడు. మా వాళ్లు బండి ఎక్కితే ఆయన డ్యూటీ ఎక్కినట్టే.

ఇక అమెరికా సంగతి. రాయగడలో గార్డులూ డ్రైవర్లూ పడుకునే గదుల్లో ఎవరో పాత ఇంగ్లీషు పత్రిక వదిలేసి వెళ్లారట. అందులో ఒక ఫొటో. రెండు ఎర్రటి కొండ గోడలు, కింద ఏరు, ఏటి పక్కన వెండిరంగు బండి. మావయ్య దాన్ని కత్తిరించి ఇనప్పెట్టె మూత లోపల అంటించుకున్నాడు. పెట్టె రైల్వేకి తిరిగిచ్చేసినప్పుడు ఫొటో ఊడదీసి ఇంటికి తెచ్చి టేబులద్దం కింద పెట్టాడు. ఆయనకి అమెరికాలో ఇంకేమీ అక్కర్లేదు. ఎత్తు మేడలూ జలపాతాలూ టీవీలో వస్తే లేచి వెళ్లిపోయేవాడు. ఆ బండి ఆ ఏటి పక్కన ఎంతసేపు వెళ్తుంది, ఆ గోడలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయి, అది ఒక్కటే కావాలి. ఫోన్లో వెతికి ఆ దారి పేరు, స్టేషన్లు, అన్నీ తెలుసుకున్నాడు.

ఆరేళ్ల కిందట కంపెనీ నన్ను మూడు వారాలు అమెరికా పంపింది. కొత్త మిషన్లు నేర్చుకోవాలి. ముందు షికాగో దగ్గర, తరవాత కాలిఫోర్నియాలో. మధ్యలో విమానం. ఈ సంగతి తెలిసిన మర్నాడే మావయ్య మా ఇంటికి వచ్చాడు. ఎవరింటికీ ఊరికే రాడు. కూర్చోకుండానే అడిగాడు.

"ఆ రెండూళ్ల మజ్జిన రైలున్నాది. ఎరుగుదువా?"

"రెండ్రోజుల పైనే మావయ్యా. ఇమానం నాలుగ్గంటలు."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను. నా బదులు సూసి రా అల్లుడూ. నానింకేటీ అడగను."

ఆయన నన్ను అప్పటిదాకా ఏమీ అడగలేదు. ఉగాది ముందు వచ్చే కొత్తమాస జాతరకి తోడు రమ్మని కూడా అడగలేదు. మా మేనేజరు కాళ్లావేళ్లా పడి విమానం టికెట్టు మాన్పించుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం ఎక్కితే ఆదివారం సాయంత్రం దిగుతాను. సోమవారం పొద్దున్న ఎనిమిదికి పనిలో ఉండాలి. బయల్దేరేటప్పుడు మావయ్య కాగితంలో చుట్టిన బెల్లం ముక్క తెచ్చాడు. మార్కెట్లో తనే ఏరి తెచ్చిన మంచి రంగు బెల్లం. వేరే డివిజన్ల నుంచి వచ్చిన డ్రైవర్లకీ గార్డులకీ అనకాపల్లిలో ఆయన అలా బెల్లం పెట్టేవాడు. "ఆ బండి గార్డుకియ్యి. మన్ని మోసుకెల్లేవోడి నోరు తీపి సెయ్యాలి," అన్నాడు.

షికాగో స్టేషన్లో మన అలవాటు చొప్పున రెండు గంటల ముందే పెట్టెతో ప్లాట్‌ఫారం మీదకి పోబోయాను. పోనివ్వలేదు. అక్కడ హాల్లో బెంచీల మీద కూర్చోబెట్టి, బండి వచ్చాక బళ్లో పిల్లల్లా వరస కట్టించి తీసుకెళ్లారు. రెండంతస్తుల పెట్టెలు. ఎక్కగానే బెల్లం పట్టుకుని వెనక్కి నడిచాను, గార్డు కోసం. ఒక పెట్టె, ఇంకో పెట్టె, ఇంకోటి. ఆఖరి పెట్టెలో ఆఖరి తలుపు. దానికో కిటికీ, కిటికీలోంచి వెనక్కి పోతున్న పట్టాలు. మనిషి లేడు. చివర గార్డు లేని బండిని నేను చూడ్డం అదే మొదటిసారి. నాకెందుకో బెంగగా అనిపించింది.

టికెట్లు చూసే ఆవిడే ఆ బండికి పెద్దట. అరవై ఏళ్లుంటాయి, నెరిసిన జుట్టు, టోపీ. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పి బెల్లం చేతిలో పెట్టాను. ఆవిడ వాసన చూసి, "సబ్బా?" అని అడిగింది. కాదని నేనే ఒక మూల కొరికి చూపించాను. ఆవిడా కొరికింది. తరవాత ఇదెవరు పంపారని అడిగింది. మా మావయ్య, గూడ్సు గార్డు, వెనక డబ్బాలో ముప్పై ఏళ్లు అన్నాను. వాళ్ల నాన్న కూడా అదే పని చేసేవాడట. అక్కడ ఆ డబ్బాలో చలికాలానికి పొయ్యి ఉండేదట, దాని మీద కూర వండుకునేవారట. ఇప్పుడు డబ్బాలూ లేవు, మనుషులూ లేరని చెప్పింది. ఇది నిజం. ఇందులో అక్షరం కూడా కల్పించలేదు. మావయ్యకి ఫోన్లో చెప్తే, "పొయ్యా! మాకు ఫ్యానుకే దిక్కు లేదు," అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా మొక్కజొన్న చేలు. ఇటు చూసినా అటు చూసినా అవే. అప్పుడప్పుడు ఒక ఊరు. రైలు ఏ దేశంలోనైనా ఊరి పెరట్లోంచే పోతుంది. విమానం దిగి చూసిన అమెరికా పెళ్లికూతురిలా ముస్తాబై ఉంది. రైల్లోంచి చూస్తే ఆరేసిన దుప్పట్లు, తుప్పు పట్టిన కార్లు, పిల్లలు వదిలేసిన బంతి, బనీను మీద మొక్కలకి నీళ్లు పోసుకునే ముసలాయన. అనకాపల్లి దాటేటప్పుడు గోడౌన్ల వెనక గోడలూ, అంట్లు తోముకునే ఆడవాళ్లూ కనపడ్డట్టే. సాయంత్రానికి మిసిసిపి మీద వంతెన వచ్చింది. బండి మెల్లిగా దాటింది. పెట్టెలో అందరూ మాటలాపి నీళ్లవైపు చూశారు. గోదావరి వచ్చినప్పుడు మనవాళ్లు చేసినట్టే. నేను కూడా కుదురుగా కూర్చున్నాను, నా జన్మలో మొదటిసారి.

మర్నాడు పొద్దున్న బండి ఆగిపోయింది. చుట్టూ గడ్డి. ఊరు లేదు, స్టేషను లేదు. అరగంట, గంట. అప్పుడు పక్క లైన్లో గూడ్సు బండి వచ్చింది. ఒక పెట్టె మీద ఇంకో పెట్టె, ఎన్నో లెక్క తప్పిపోయాను. అక్కడ పట్టాలు గూడ్సు కంపెనీలవేనట. అది పోవాలి, మనుషుల బండి ఆగాలి. పక్క సీటాయన ఇది మామూలే అన్నాడు. నేను వెంటనే మావయ్యకి ఫోన్ చేశాను.

"మావయ్యా, మా బండి లూపులో ఉంది. గూడ్సుకి దారిచ్చింది."

అవతల చప్పుడు లేదు.

"ఇనపడిందా?"

"మళ్లీ సెప్పు."

చెప్పాను. అత్తని కేకేయడం వినిపించింది. "ఏమే! పాసింజరోళ్లు లూపులో కూకున్నారంట! గూడ్సు ఎల్తందంట, గూడ్సు!" అంత పెద్ద నవ్వు ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు. మర్నాడు టీ కొట్టు దగ్గర చెప్పాడట, స్టేషన్లో చెప్పాడట, కూరగాయలమ్మే ఆవిడకి కూడా చెప్పాడట.

ఆ నవ్వు దగ్గర ఈ కథ అయిపోతే బాగుణ్ణు. బండి అలా ఇంకో నాలుగుచోట్ల ఆగింది. డెన్వర్ చేరేసరికి తొమ్మిది గంటలు లేటు. అక్కడి నుంచే కొండలు. ఆయన అడిగిన దారంతా అక్కడి నుంచే. లెక్కేసుకుంటే సోమవారం పొద్దున్న పనికి అందుతానో లేదో. ఉద్యోగం భయం ఒకటి నిజమే. కానీ ఆ భయం వెనకాల ఇంకోటి ఉంది, అది కూడా రాయాలి. నాకు విసుగేసింది. ఎదురుగా ఒక ముసలి జంట పేకాడుతున్నారు, ఇంకొకావిడ ఊలు అల్లుతోంది. ఎవరికీ తొందర లేదు. నా కాళ్లు మాత్రం లాగేస్తున్నాయి. చూడ్డం నేర్చుకోవడానికి ఆయనకి ఏళ్లు పట్టింది. నాకు ఒక్క రోజుకే ఓపిక అయిపోయింది.

డెన్వర్లో దిగిపోయాను. దిగే ముందు ఫోన్ చేసి, "ఇంక కొండల్లో సిగ్నలుండదు మావయ్యా, ఆ చివర దిగేక చేత్తాను," అని చెప్పాను. "సరే సరే, ఎడం పక్క కూకో," అన్నాడు. ఫోను ఆపేశాను. టాక్సీ ఎక్కాను, విమానం ఎక్కాను. కిటికీ కూడా దొరకలేదు, మధ్య సీటు. ఆయన ఎన్నో ఏళ్లు అద్దం కింద పెట్టుకుని చూసుకున్న దారిని రెండున్నర గంటల్లో, ఇద్దరు నిద్రపోతున్న మనుషుల మధ్య కూర్చుని దాటేశాను. ఆదివారమంతా కాలిఫోర్నియాలో షాపులు తిరిగాను, పిల్లలకి బూట్లు కొన్నాను. హోటల్లో కూర్చుని కంప్యూటర్లో ఆ రైలు దారి వీడియోలు చూశాను. బండి చేరాల్సిన వేళ లెక్కగట్టుకుని, సోమవారం తెల్లవారగానే ఫోను తెరిచాను.

"దిగాను మావయ్యా."

"దిగేవా?"

"దిగాను."

"బాగున్నావా నాయనా?"

"బాగున్నాను. ఏం కొండలు, ఏం కొండలు! రెండు కళ్లూ చాల్లేదు."

"సరే. ఒచ్చేక సెప్పుదువుగాని," అని పెట్టేశాడు.

వచ్చాక చెప్పాను. ఆ మొదటి ఆదివారమే నిజం చెప్పేస్తే పోయేది. ఆయన ఎదురు కుర్చీ వేసుకుని కూర్చుంటే వీడియోల్లో చూసిందంతా చెప్పేశాను. ఆయన అడిగే ప్రశ్నలు కూడా నాకు సాయమే చేసేవి.

"సొరంగంలో పది నిమిసాలు సీకటుంటాది, కాదేటి?"

"పదే మావయ్యా. పెట్టెలు మారొద్దని ముందే చెప్పారు."

"దాటేక ఏరు తగుల్తాది. ఏ పక్క?"

"ఎడం పక్క."

"మొదట్లో కుడేమో. తరవాత ఒంతెన దాటేక ఎడమయ్యుంటాది."

"అవునవును, మొదట కుడే."

అలా వారం వారం నా అబద్ధం బాగుపడింది. ఏ వంతెన తరవాత ఏ మలుపో, ఎక్కడ కొండ ఎర్రబడుతుందో, ఎక్కడ ఏరు సన్నబడుతుందో, అన్నీ ఆయన అడుగుతూ అందించినవే. నేను మాత్రం భలే అతికించేస్తున్నానని అనుకునేవాణ్ణి. ఇంటికెవరొచ్చినా, "మా అల్లుడు అమెరికాని రైల్లోంచి సూసేడు," అని చెప్పేవాడు. బెల్లం సంగతి, గూడ్సు సంగతి ఆయనే చెప్పేవాడు. కొండల దగ్గరికి వచ్చేసరికి ఆగి, "అది ఆడి నోటే ఇనాలి," అని నావైపు చూసేవాడు. లేచి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చి చెప్పేవాణ్ణి.

ఒకసారి చెప్పబోయాను. సాయంత్రాలు ఆయన స్టేషన్లో ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చునేవాడు. పోయినేడు ఒకరోజు నేనూ వెళ్లాను. "మావయ్యా, ఆ అమెరికా బండి గురించి నీకొకటి చెప్పాలి," అని మొదలుపెట్టాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇప్పుడేటి తొందర? పద, మీ అత్త సూత్తంటాది," అని లేచాడు. ఇక నాకు మళ్లీ ధైర్యం చాల్లేదు.

పదో రోజు కార్యం అయ్యాక చుట్టాలందరూ వెళ్లిపోయారు. అత్త పెరటి గుమ్మంలో కూర్చుని, అద్దె గిన్నెలూ ఇంటి గిన్నెలూ విడదీస్తోంది. నేను పక్కన గోడకి జారబడ్డాను. లేచాను. మళ్లీ కూర్చున్నాను. ఆయనకి ఎలాగూ చెప్పలేదు, ఈవిడకైనా చెప్పకపోతే నేను బతకలేననిపించింది.

"అత్తా, నేనా బండిలో ఆఖరిదాకా వెళ్లలేదు. సగంలో దిగిపోయాను. కొండలు చూళ్లేదు."

అత్త గిన్నె వెనక పేరు చూసుకుంటూ, "ఎలా సూత్తావు నాయనా, ఆ బండే ఎల్లలేదు గదా," అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడ గిన్నె పక్కన పెట్టి చెప్పింది. నేను ఎక్కిన దగ్గర్నుంచీ మావయ్య ఆ బండి నంబరు ఫోన్లో పెట్టుకుని చూస్తూనే ఉన్నాడట. నేను డెన్వర్ నుంచి మాట్లాడాక రెండు మూడు గంటలకే ఫోన్లో ఎర్ర అక్షరాలు వచ్చాయట. కొండల్లో పట్టాల మీద బండరాళ్లు పడ్డాయి, బండి ముందుకి పోదు, జనాన్ని బస్సుల్లో పంపిస్తారు అని.

"నీ నంబరుకి సేత్తే స్విచ్చాఫ్. మళ్లీ సేత్తే స్విచ్చాఫ్. ఒకటిన్నర రోజు నాయనా. అన్నం ఎడితే ముట్టలేదు. మీ అమ్మకి సెప్దామంటే ఒద్దు, గుండె ఆగిపోద్ది అన్నాడు. రాళ్లు పట్టాల మీదే పడ్డాయో, బండి మీదే పడ్డాయో అని ఈ గుమ్మం కాడ్నుంచి ఆ గుమ్మం కాడికి తిరిగేడు. దేవుడి గదిలోకి నాను ఎల్లమంటే కూడా ఎల్లనోడు, ఆ రోజు ఎల్లి కూకున్నాడు. అప్పుడొచ్చింది నీ ఫోను. దిగేడే, దిగేడు అని ఏడిసేడు."

నేను పిల్లల బూట్ల కొలతలు చూసుకుంటున్న ఆదివారం అది.

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

"నానూ అడిగేను. అల్లుడు అబద్దమాడేడు, అడగవా అన్నాను. ఆయనేమో, నన్ను సిన్నబుచ్చలేక అన్నాడే, ఆణ్ణి ఎవులూ ఏటీ అడక్కండి అన్నాడు."

ఆయన్ని చిన్నబుచ్చలేక కాదు. విసుగేసి దిగిపోయి, సిగ్గేసి దాచాను. ఆ మాట అత్తకి చెప్పాను. ఆవిడ నా తల నిమిరింది. కాసేపటికి నేనే అడిగాను, అంతా తెలిసీ ఆరేళ్లు నా చేత ఎందుకు చెప్పించుకున్నాడని.

"ఎన్నిసార్లు ఇంటావు, ఒట్టిదే గదా అన్నాను ఒకపాలి. ఆడు సెప్తంటే ఆగిపోయిన బండి కదుల్తందే అన్నాడు."

అత్త మళ్లీ గిన్నెలు అందుకుంది. నేనూ సాయం పట్టాను. ఆ రోజు ఆవిడ దగ్గర చీకటి పడేదాకా ఉన్నాను. లేచి తిరగాలనిపించలేదు.

ఆయన పోయే ముందు ఆదివారం కూడా చెప్పించుకున్నాడు. అప్పటికే నీరసంగా ఉన్నాడు, కళ్లు మూసుకుని వాలు కుర్చీలో ఉన్నాడు. నాకు ఇంటి దగ్గర పని ఉంది, గబగబా చెప్పుకుపోతున్నాను. ఎర్ర కొండల మధ్య బండి ఏటిని పట్టుకుని ఎడమకి తిరుగుతుంది, పెద్ద మలుపు అన్నాను. మావయ్య కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు తెరవకుండానే, ఒళ్లు మెల్లిగా కుడి పక్కకి వాల్చాడు. మలుపు అయ్యేదాకా అలాగే ఉండి, మళ్లీ మెల్లిగా సర్దుకున్నాడు. ఎదురుగా స్టూలు మీద నేను నిటారుగా కూర్చుని, చెప్తూనే ఉన్నాను.